చింతిస్తూ తెలియజేయునదేమనగా

2, సోమవారం

ఆరు జవాబులు పంపాను. ఒక్కరూ ఇల్లు చూడ్డానికి రాలేదు.

మొన్న గురువారం నుంచి మేనకోడలి ఆఫీసులో కూర్చుంటున్నాను. అద్దె ఇళ్ళు చూపించే ఆఫీసు అది. ఇల్లు కావలసినవాళ్ళు ఆఫీసు ఫోనుకి సందేశం పంపుతారు, ఫలానా ఇల్లు ఖాళీగా ఉందా, ఎప్పుడు చూడొచ్చు అని. వాటికి జవాబు రాయడం నా పని. ఒక నెల చూద్దాం మామయ్యా అంది. చూద్దాం అన్నాను. ఇరవై ఆరేళ్ళు బీమా ఆఫీసులో ఉత్తరాలు రాసినవాడికి రెండు ముక్కల జవాబు ఒక లెక్కా అని కూడా అనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం అమ్మాయి నా పక్కకి కుర్చీ లాక్కుని, నేను పంపినవన్నీ పైనుంచి కిందికి చదివింది. చదువుతున్నప్పుడు దాని మొహం చూడలేక గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

"మామయ్యా, ఈ ఇల్లు ఖాళీగానే ఉందిగా?"

"ఉంది. అదే రాశాను."

"ఎక్కడ?"

"నాలుగో వాక్యంలో."

మొదటి వాక్యం 'చింతిస్తూ తెలియజేయునదేమనగా' అని ఉంది. జవాబివ్వడంలో రెండు గంటల జాప్యం జరిగినందుకు చింతిస్తూ అన్నమాట. ఆరింటికీ అదే. నేను రాసినట్టు నాకు గుర్తే లేదు, చెయ్యి దానంతట అదే రాసేసింది. బీమా ఆఫీసులో నా బల్ల మీదికి వచ్చేవన్నీ తిరగ్గొట్టాల్సిన క్లెయిములే. మీ క్లెయిము చెల్లదు అని మర్యాదగా చెప్పే ఉత్తరం నాది. ఆఫీసుని ఇంకో ఆఫీసులో కలిపేసి, ఉత్తరాలు కంప్యూటరుకి అప్పగించి నన్ను పంపేశాక కూడా ఆ వాక్యం నా చేతిలోనే ఉండిపోయినట్టుంది.

"ఫోను తెరవకముందే పైన రెండు మాటలు కనిపిస్తాయి మామయ్యా. చింతిస్తూ అని కనిపిస్తే ఇంకెవరు తెరుస్తారు? ఇల్లు పోయిందనుకుని వేరే ఇల్లు వెతుక్కుంటారు."

"ఆరుగురూనా?"

"ఆరుగురూ."

ఇళ్ళు చూపించడానికి తాళాల గుత్తి పట్టుకుని తిరిగే ఆయన ఒకడున్నాడు ఆఫీసులో. అందరూ తాళాలాయన అంటారు. "అదా సంగతి! నాలుగు రోజుల నుంచి నా చెప్పులు అరగట్లేదేమిటా అనుకుంటున్నాను సార్" అన్నాడు.

మా ఆవిడ వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళి పంతొమ్మిది రోజులైంది. పది రోజులే అని వెళ్ళింది.

3, మంగళవారం

మేనకోడలు పాఠం చెప్పింది. చిన్నప్పుడు దానికి నేను ఎక్కాలు నేర్పాను, ఇప్పుడు వడ్డీతో సహా తీర్చుకుంటోంది.

"వాళ్ళు ఏ మెట్టు మీద నుంచుని పిలిస్తే మనమూ ఆ మెట్టు మీద నుంచునే పలకాలి మామయ్యా. నమస్తే అని మొదలుపెడితే నమస్తే. ఏమీ లేకుండా ఇల్లుందా అంటే, ఉందండీ. ముందు జవాబు. మర్యాద తర్వాత."

"మర్యాద తర్వాతా!"

"ఉందండీలో మర్యాద ఉంది కదా. ఇంకెంత కావాలి?"

మొదటి మాటలు కొన్ని కాగితం మీద రాసి ఫోను పక్కన అతికించుకున్నాను. 'అవునండీ, ఖాళీగానే ఉంది.' 'రండి, చూపిస్తాం.' 'మీకు ఏ రోజు వీలవుతుంది?' నేను సొంతంగా 'మంచి సమయానికి అడిగారు' అని ఒకటి రాస్తే, అది సబ్బులమ్మేవాడి మాటలా ఉందని కొట్టేసింది.

సాయంత్రం ఎవరో 'అన్నా, రూముందా?' అని పంపారు. పాఠం అంతా మర్చిపోయి 'నమస్కారం. తమ సందేశం అందినది' అని మొదలుపెట్టాను. 'సారీ సార్, రాంగ్ నంబర్' అని జవాబొచ్చింది.

4, బుధవారం

'ఉందండీ' అని రెండుసార్లు రాశాను. ఇద్దరు వచ్చి చూశారు.

5, గురువారం

మా ఆవిడ నుంచి సందేశం. 'రేపు గ్యాసు వస్తుంది. ఇంట్లో ఉండండి.' అంతే.

ముందు ఏమండీ లేదు.

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ ఏ మాటైనా ఏమండీతోనే మొదలుపెట్టింది. ఏమండీ, వాన వచ్చేలా ఉంది. ఏమండీ, ఈ జిప్పు చూడండి ఎంత చక్కగా పడిందో. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే అయినా, నేను ఎదురుగానే కూర్చున్నా సరే. కోపమొచ్చినప్పుడు మాత్రం ఏమండీ పోయి ఒట్టి మాట మిగులుతుంది. 'అన్నం అక్కడుంది.' 'తలుపు వేసుకోండి.' అలా.

ఈ ఇరవై రెండు రోజుల్లో ఏడు సందేశాలొచ్చాయి, ఒక్కదానికీ ముందు ఆ మాట లేదు. నేనేం లెక్కపెట్టడం లేదు. ఊరికే పైకి జరిపితే కనిపించాయి.

ఫోనులో హడావిడిగా రాసేటప్పుడు అలాంటివి ఎగిరిపోతాయి. అంతే అయ్యుంటుంది.

6, శుక్రవారం

గ్యాసు కోసం మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉన్నాను. ఈ డైరీ బీమా ఆఫీసు వాళ్ళు నన్ను పంపేసిన రోజు ఇచ్చింది. ముందుగదిలో నా బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. గోడవారగా నా ఫైళ్ళున్నాయి, ఇరవై ఆరేళ్ళ నా ఉత్తరాల నకళ్ళు. ఆఫీసులో పారేస్తుంటే తెచ్చుకున్నాను.

ఆవిడకి చక్కగా ఒక సందేశం రాద్దామనుకున్నాను. 'ఇక్కడ నేను క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాను' అని వచ్చింది. కొట్టేశాను. 'విషయం:' అని మొదలుపెట్టి అదీ కొట్టేశాను.

పేరు పెట్టి మొదలుపెడదామంటే ఆవిడని నేను ఏనాడూ పేరుతో పిలవలేదు. 'ఇదిగో' అంటాను. ఇదిగో అంటే వంటింట్లోంచి పలికేది. కానీ ఇదిగో అనాలంటే మనిషి పక్కగదిలో ఉండాలి. రెండు బస్సులు మారి వెళ్ళాల్సినంత దూరంలో ఉన్న మనిషిని ఇదిగో అంటే ఏం బాగుంటుంది?

చివరికి 'గ్యాసు వచ్చింది' అని పంపాను. 'సరే' అంది.

8, ఆదివారం

ఇక్కడ ఒక సంగతి నా కోసం రాసి పెట్టుకుంటాను. మా మధ్య గొడవేమీ జరగలేదు.

తోడల్లుడికి బ్యాగులు బాగుచేసే కొట్టుంది. తెగిన పట్టీలు, పోయిన జిప్పులు, ఊడిన చక్రాలు. మా ఆవిడ అక్కడికి వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చుని పని నేర్చేసుకుంది. మా మేడలో ఎవరి జిప్పు పోయినా మా తలుపే కొడతారు. తోడల్లుడికి మోకాలి ఆపరేషన్ అన్నప్పుడు, ఇక కొట్టు నడపలేను, వచ్చే నెలాఖరుకి ఖాళీ చేసేస్తాను, మిషను నువ్వే తీసుకో వదినా అన్నాడట. మందపాటి తోలు కుట్టే మిషను, ఇనుప ముద్ద.

"ఏమండీ, ముందుగదిలో పెట్టుకుంటాను, కిటికీ దగ్గర వెలుగు బాగుంటుంది" అంది. ప్రస్తుతానికి వీలుపడదు అన్నాను.

రెండు రోజులాగి మళ్ళీ అడిగింది. రెండంతస్తులెక్కి బ్యాగులు ఎవరు తెస్తారు అన్నాను. "తెగింది జిప్పు, కాళ్ళు కాదుగా" అంది. బాగానే నవ్వాను కూడా. నవ్వి, ప్రస్తుతానికి వీలుపడదు అన్నాను.

మూడోసారి అడిగినప్పుడు నేను ఏదో చదువుకుంటున్నాను. తలెత్తకుండా అదే మాట అన్నాను. తర్వాత ఆవిడ సంచీ సర్దుకుని, ఆయన ఆపరేషన్ అయ్యాక పది రోజులుండి వస్తానని వెళ్ళింది.

గొడవేమీ లేదు. గట్టిగా ఒక్క మాట కూడా అనుకోలేదు.

9, సోమవారం

పొద్దున పదకొండింటికి ఆఫీసు ఫోనులో ఒక సందేశం.

'కింది అంతస్తు ఒంటిగది ఇల్లు ఇంకా ఖాళీగా ఉందా? ఒక్కరికే. ఎప్పుడు చూడొచ్చు?'

పేరు లేదు, నంబరొక్కటే. ఆ నంబరు నేను నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మా ఆవిడ ఇల్లు వెతుక్కుంటోంది. ఒక్కరికే.

మేనకోడలు బయటికి వెళ్ళింది. తాళాలాయన గుమ్మంలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఎదురుగా నేను అతికించుకున్న కాగితం. అవునండీ, ఖాళీగానే ఉంది. రండి, చూపిస్తాం. ఆ మాటలన్నీ నన్ను చూస్తున్నాయి. నేను కాగితం కేసి చూడకుండా రాశాను.

'చింతిస్తూ తెలియజేయునదేమనగా, సదరు ఇల్లు నిన్ననే ఇచ్చివేయడమైనది.'

పంపేశాక మంచినీళ్ళు తాగాను.

10, మంగళవారం

ఆ ఇల్లు అసలు మంచిది కాదు. గోడలకి చెమ్మ. పక్క వీధిలో ఎప్పుడూ చప్పుడు. ఆవిడకి పడదు. తెలిసినవాడిగా చెప్పాల్సిందే చెప్పాను.

12, గురువారం

మళ్ళీ అడిగింది. ఈసారి మార్కెట్ వెనక వీధిలో ఇల్లు. 'ఒక్కరికే. నేల గట్టిగా ఉంటే చాలు.'

చింతిస్తూ తెలియజేయునదేమనగా.

ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్ళందరికీ మాత్రం ఇవాళ ఎంత బాగా రాశానో. 'అవునండీ, మీరు అడిగింది కింది వాటానే, ఖాళీగానే ఉంది.' 'పిల్లలతో రావచ్చండీ, ఇల్లుగలవాళ్ళకి అభ్యంతరం లేదు.' ఐదుగురు వచ్చారు. మామయ్యకి చెయ్యి తిరిగింది అని మేనకోడలు టీ తెప్పించింది. ఆ టీ తాళాలాయన వైపు జరిపాను.

14, శనివారం

ఒక్కరికే అంటే ఒక్కరికే కదా. వేరే అర్థం ఏముంటుంది.

15, ఆదివారం

ముప్ఫై రెండు రోజులు.

17, మంగళవారం

ఒంటిగది ఇంటి యజమానురాలు ఆఫీసుకి వచ్చింది. పెద్దావిడ, గొడుగు ఊపుతూ మాట్లాడుతుంది. "పది రోజులైంది తాళం ఇచ్చి. ఒక్క మనిషైనా గుమ్మం తొక్కలేదు. నా ఇంట్లో దెయ్యాలేమైనా ఉన్నాయని చెప్తున్నారా మీరు?"

"ఆ ఇంటి గురించి ఎవరూ అడగలేదా మామయ్యా?" అంది మేనకోడలు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఫోను తీసి జేబులో పెట్టుకున్నాను. అది ఆఫీసు ఫోను. అందరూ చూశారు.

పెద్దావిడ వెళ్ళాక అమ్మాయి ఫోను తీసుకుని వెనక్కి జరుపుతూ చదివింది. రెండుసార్లు ఆగింది.

"ఉన్న ఇల్లు లేదని ఎందుకు చెప్పారు? అదీ ఒకే నంబరుకి, రెండుసార్లు."

"అది మీ అత్తయ్య నంబరు."

తాళాలాయన ఎందుకో గుత్తిలోని తాళాలు ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"మామయ్యా, మీ ఇద్దరి మధ్యా ఏముందో నాకు తెలీదు, అడగను. కానీ ఆ గొడుగావిడకి ఆ అద్దె తప్ప ఇంకో ఆధారం లేదు. అత్తయ్య కోసం మీరు మూసింది ఆవిడ తలుపు కూడా." కసురుకున్నట్టు కాదు, మెల్లిగా అంది. కసురుకుంటేనే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నువ్వు రాసెయ్యమ్మా జవాబు" అన్నాను.

"మీరే రాయండి."

ఆ ఒక్క జవాబుకి నలభై నిమిషాలు పట్టింది. 'అవునండీ' అని మొదలుపెడితే మా ఆవిడని అండీ అన్నట్టుంది. 'ఉంది' అంటే అబద్ధం బయటపడుతుంది. 'క్షమించండి' అన్నా చింతించడమే. పొరపాటు జరిగింది అని మొదలుపెట్టి, ఎవరి పొరపాటో రాయలేక చెరిపేశాను. చివరికి ఇది పంపాను.

'ఒంటిగది ఖాళీగానే ఉంది. నేను తప్పు చెప్పాను. శనివారం నాలుగింటికి రండి.'

పావుగంటకి 'సరే' అని వచ్చింది.

19, గురువారం

నిద్ర సరిగ్గా లేదు. ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా సార్ అంటాడు తాళాలాయన. ఫోనులో మాత్రం మొదట ఏదో ఒకటి అనొద్దూ?

21, శనివారం

మూడున్నరకి తాళాలాయన ఆ ఇంటి తాళం గుత్తిలోంచి తీసి నా బల్ల మీద పెట్టి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఇళ్ళు చూపించడం ఆయన పని. తాళం తీసుకుని నేనే వెళ్ళాను.

సరిగ్గా నాలుగింటికి వచ్చింది. చిక్కింది కొంచెం. చేతిలో కొలతల టేపు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నేను తాళం తీసి పక్కకి జరిగాను, ఎవరికైనా చూపించేటట్టే.

లోపలికెళ్ళి కిటికీ తెరిచింది. నేల మీద మడమతో రెండుసార్లు కొట్టి చూసింది. గోడ మీద ప్లగ్గు ఎక్కడుందో చూసింది. టేపుతో ఇటూ అటూ కొలిచి, కొలతలు చీటీ మీద రాసుకుంది. నేను గుమ్మంలోనే నుంచున్నాను.

"గోడలకి చెమ్మ ఉంది" అన్నాను.

"చూశాను."

"పక్క వీధిలో చప్పుడు."

"మిషను కంటే ఎక్కువా?"

ఇక నా వల్ల కాలేదు. "అడిగింది నువ్వేనని నాకు తెలుసు. జవాబు రాసింది నేనని నీకెప్పుడు తెలిసింది?"

నా కేసి తిరిగింది. "మీ మేనకోడలి ఆఫీసని తెలుసు. మీరు ఫైళ్ళు చూస్తున్నారనుకున్నాను. చింతిస్తూ తెలియజేయునదేమనగా అని చదవగానే తెలిసింది. అలా మొదలుపెట్టే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు."

"తెలిసి కూడా రెండోసారి ఎందుకడిగావు?"

"రెండోసారైనా వేరేగా మొదలుపెడతారేమోనని."

ఆవిడ టేపు చుడుతోంది.

"ఒక్కరికే అన్నావు" అన్నాను.

"మిషనుకి. అది ఒక్కటేగా." టేపు చుట్టడం అయ్యాక ఇంకో మాట అంది. "అవసరమైతే నాకూను."

"అంటే?"

"మూడుసార్లు అడిగాను మిమ్మల్ని. మూడుసార్లూ ఒకే మాట. ఒకే ఇంట్లో ఉండి మీతో ఉత్తరం రాయించుకున్నట్టుంది నాకు. కాదంటే కాదన్నారని కూడా కాదు. ఎందుకు కాదో చెప్పలేదు. నేనెవరో బయటి మనిషినైనట్టు."

ఎందుకో అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఇంట్లో, ఈ డైరీలో రాయగలను, అక్కడ చెప్పలేకపోయాను. బీమా ఆఫీసు పోయాక నాకు మిగిలింది ఇంట్లో ఆ బల్ల ఒక్కటే. పొద్దున్నే చొక్కా వేసుకుని ముందుగదిలో దాని దగ్గర కూర్చుంటే ఇంకా ఏదో ఉద్యోగం ఉన్నట్టుండేది. మిషను వస్తే బల్ల పోతుంది. బల్ల పోతే పొద్దున్నే నేనెక్కడికెళ్ళి కూర్చోవాలి? అదీ నా భయం. దానికి ప్రస్తుతానికి వీలుపడదు అని పేరు పెట్టాను.

తాళం వేస్తుంటే అడిగాను. "తీసుకుంటావా ఇల్లు?"

"ఆలోచించి చెప్తాను. ఇరవై తొమ్మిదో తారీకున కొట్టు ఖాళీ చెయ్యాలి. ఆలోపు చెప్తాను."

బస్సెక్కేదాకా నుంచున్నాను. కిటికీలోంచి చూసింది, చెయ్యి ఊపలేదు.

22, ఆదివారం

పొద్దున లేచి ఫైళ్ళు విప్పాను. పారేసే ముందు నాలుగు చదివాను. తర్వాత ఇంకో నాలుగు. ఒక ఉత్తరానికీ ఇంకో ఉత్తరానికీ పేరూ తారీకూ తప్ప తేడా లేదు. ఎవరికైనా కొంచెం వేరేగా రాశానేమోనని పదకొండింటిదాకా వెతికాను. లేదు.

కింద పాత కాగితాలు కొనేవాడికి అన్నీ ఇచ్చేశాను. బల్ల ఒక్కడినే జరపలేక తాళాలాయనకి ఫోన్ చేశాను. సెలవురోజైనా వచ్చాడు. ఇద్దరం కలిసి బల్లని పడకగదిలోకి ఈడ్చి, మంచం పక్కన నిలువుగా నుంచోబెట్టాం. "గది ఎంత పెద్దదో సార్! ఇది గనక మన దగ్గర ఉంటే సాయంత్రానికి ఇచ్చేసేవాళ్ళం" అన్నాడు.

నేల కడిగాను. కిటికీ అద్దాలు తుడిచాను. ఇప్పుడు కిటికీ గట్టు మీద పెట్టి ఇది రాస్తున్నాను.

ఒంటి గంటకి నా ఫోను తీసి ఆవిడకి రాశాను. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

'ఇదిగో, ముందుగది ఖాళీ అయింది. నేల గట్టిది. ప్లగ్గు కిటికీ కిందే ఉంది. బల్ల పోతే ఎక్కడ కూర్చోవాలో తెలీక కాదన్నాను, ఇంకే కారణం లేదు. చూడ్డానికి ఎప్పుడొస్తావు?'

పక్కగదిలో లేకపోయినా ఇదిగో అనే రాశాను. ఇంకెలా పిలవాలో నాకు రాదు.

23, సోమవారం

సందేశం పక్కన చూసినట్టు గుర్తు పడింది. జవాబు లేదు.

24, మంగళవారం

లేదు. ఆఫీసులో మేము గంటలోపు జవాబిస్తాం, ఎవరికైనా సరే.

25, బుధవారం

'మొక్కకి నీళ్ళు పోస్తున్నారా.'

పోస్తున్నాను. పోస్తున్నానని రాశాను. ముందు ఏమండీ లేదు. నేను పంపినదాని గురించి ఒక్క మాట లేదు.

ఇల్లు కావాలని రాసినవాళ్ళ సందేశాలు ఇవాళ పద్నాలుగు. ఎప్పుడూ ఇటు నుంచి రాసేవాడినే గానీ, అటు కూర్చుని జవాబు కోసం చూడ్డం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఫోను ఎక్కడ పెట్టినా మోగినట్టే ఉంటోంది. పద్నాలుగు మందికీ వెంటవెంటనే రాసేశాను.

27, శుక్రవారం

గొడుగావిడ వచ్చింది. శనివారం చూసినావిడ ఏమందని అడిగింది. ఆదివారంలోపు చెప్తానన్నారండీ అంది మేనకోడలు. "మంచి మనిషిలా ఉంది, మొన్న వెళ్ళి చూశాను, కిటికీ తుడిచి మరీ వెళ్ళింది. ఆవిడకే ఇస్తాను, ఇంకెవరికీ చూపించొద్దు" అని చెప్పి వెళ్ళింది.

ఆవిడ కిటికీ తుడవడం నేను చూడనే లేదు. ఏం చూస్తూ నుంచున్నానో.

28, శనివారం

నలభై అయిదు. లెక్కపెడుతున్నాను.

ఆఫీసు అయ్యాక మేనకోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "నెల అయిపోయింది మామయ్యా. సోమవారం నుంచి ఉండిపోండి" అంది. తల ఊపాను. సంతోషంగా లేరేమిటి అంది. సంతోషమే అన్నాను. నిజమే, పొద్దున్నే చొక్కా వేసుకుని వెళ్ళడానికి ఒక చోటుంది ఇప్పుడు. అది మా ఆవిడకి చెప్పాలనిపించింది. అదే ముందనిపించింది, తర్వాతే మిగతా సంతోషం.

29, ఆదివారం

ఇవాళ కొట్టు ఖాళీ చేస్తారు. పొద్దున్నించీ ఇల్లు ఊడుస్తున్నాను. ఊడిచిందే ఊడుస్తున్నాను.

పదింటికి మేనకోడలు ఫోన్ చేసింది. ఆ ఒంటిగది సంగతి అత్తయ్య చెప్పిందట. ఏం చెప్పింది అని అడిగేలోపు, వేరే ఫోనొస్తోంది మామయ్యా అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే తియ్యలేదు. చేసి అరగంటైంది.

ఆ ఇల్లు తీసుకుంటే తీసుకోనీ. నేనే వెళ్ళి ఆ గోడకి సున్నం కొడతాను. సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటాను, కూర్చోనిస్తే. చక్రాలు బిగించడం నేర్చుకుంటాను. ఇలా రాస్తుంటే బాగానే ఉంది గానీ, అసలు మాట అది కాదు. రావాలి. నాకు ఆవిడ ఇంటికి రావాలి. ఇన్ని పేజీలు రాసి ఈ ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు.

ఫోను వెలిగింది. ఇక్కడే గట్టు మీద, డైరీ పక్కనే. తెరవలేదు. పైన రెండు మాటలే కనిపిస్తున్నాయి.

'ఏమండీ, కింద...'

తెరిచాను.

'ఏమండీ, కింద ఉన్నాను. మిషను ఆటోలోంచి దింపించాను గానీ రెండంతస్తులు నా వల్ల కాదు.'

జవాబు ఎలా మొదలుపెట్టాలా అని చెయ్యి ఫోను మీదికి పోయింది. కిటికీ తెరిచే ఉంది. ఇదిగో అని కేకేశాను. తలెత్తి చూసింది.

దిగుతున్నాను.